వెనక ఎడమ చక్రం

సతేకికి చదువు అబ్బలేదు, పాటా అబ్బలేదు. వవావు దీవిలో పాట రాని మగవాణ్ణి వెతికి పట్టుకోవడమంటే మాటలు కాదు. చర్చిలో పాడేటప్పుడు అతన్ని చివరి వరసలో నిలబెట్టి, ఊరికే పెదాలాడిస్తే చాలనేవారు. అలాంటి మనిషికి దేవుడు చెవులు మాత్రం రెండు చేతులా ఇచ్చాడు. కొండ మలుపులో బండి కనబడకముందే అది ఎవరిదో, దానికేం జబ్బు చేసిందో చెప్పేసేవాడు. "పాస్టరుగారి బండికి బెల్టు తెగబోతోంది" అని శుక్రవారం అన్నాడంటే ఆదివారానికి పాస్టరుగారు చెమటలు కక్కుకుంటూ నడిచి రావలసిందే.

యాభై నాలుగేళ్ళ వయసు. నెయాఫు రేవుకి పైన కొండ మీద ఊరు. ఇంటి పక్కన సీమపనస చెట్టు కింద నాలుగు రేకులు వేసి, దాన్నే షెడ్డు అనేవాడు. కుర్రతనంలో రెండేళ్ళు న్యూజిలాండు పోయి ఆపిల్ తోటల్లో కాయలు కోశాడు. అక్కడ ట్రాక్టర్లు బాగుచేసే ముసలాయన దగ్గర పని పట్టుకున్నాడు. తోటివాళ్ళంతా టీవీలు మోసుకొస్తే ఇతను పానాల పెట్టె మోసుకొచ్చాడు. దానికి వాళ్ళమ్మ నెలరోజులు మాట్లాడలేదు.

నోట్లో నాలుక లేని మనిషి. "మా ఆయన ఇంజన్లతో చెప్పుకునే కబుర్లలో పావు వంతు నాతో చెప్పుంటే ఈపాటికి ఇంకో నలుగురు పిల్లలుండేవాళ్ళు" అని భార్య లావినియా బావి దగ్గర అందరిలో అనేసేది. అతను విని తల వంచుకుని నవ్వేవాడు.

ఊరి బండ్లన్నీ బాగుచేసేవాడి సొంత బండి ఎలా ఉండాలో అలాగే ఉండేది. జపానువాళ్ళు ఇక చాలని వదిలించుకుంటే ఓడెక్కి ఇక్కడికొచ్చిన వ్యాను. వయసు ఇరవై ఆరు. సముద్రపు గాలికి కింద రేకు తుప్పు పట్టి, వెనక సీట్లో కూర్చుంటే రోడ్డు కనబడేది. పెళ్ళిళ్ళకీ, చావులకీ, దుంపల బస్తాలకీ ఊరు మొత్తానికీ అదే దిక్కు.

మార్చి నెలలో ఆ వ్యాను వెనక నుంచి చప్పుడు మొదలైంది. బ్రేకు తొక్కితే గర్రుమని గీసినట్టు, వదిలేస్తే టక్కుమని ఏదో కదిలినట్టు. ఇంకొకరైతే ఆ టక్కుని గోతుల ఖాతాలో వేసి ఊరుకునేవాళ్ళు. సతేకి చదును నేల మీద బండిని మెల్లగా దొర్లించి, తల బయటపెట్టి, కాలితో బ్రేకు ముట్టుకోకుండా హ్యాండ్ బ్రేకు ఒక్కొక్క పన్నే లాగాడు. చప్పుడు వెంటనే మారింది. హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే కాబట్టి జబ్బు వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లోనే ఉందని తేలింది. పైగా అయిదు పళ్ళకి బిగుసుకోవలసిన హ్యాండ్ బ్రేకు పది పళ్ళు లాగినా వదులుగానే ఉంది.

ముందు కుడి చక్రం విప్పాడు. డ్రమ్ము కాస్త బతిమాలించుకుని ఊడొచ్చింది. లోపల గుప్పెడు నల్లపొడి. డ్రమ్ముని లోపల్నుంచి ఒత్తి ఆపే బ్రేకు చెక్కని వెనక పలకకి అదిమి పట్టే సన్న మేకు ఉప్పుగాలికి తినేసి సగానికి విరిగి ఉంది. మేకు లేక చెక్క ఊగుతోంది, అదే ఆ టక్కు. పాత బండి ఒకదాని నుంచి మేకూ స్ప్రింగూ పీకి ఇక్కడ వేసి, పొడంతా దులిపి మూసేశాడు. చప్పుడు సగం తగ్గింది.

"తగ్గిందిగా" అంది లావినియా.

"సగమే తగ్గింది."

"సగం తగ్గితే చాలదా? నా మోకాలి నొప్పి సగం తగ్గితే నేను గెంతులు వేస్తాను."

అతను నవ్వాడు గాని అతనికి ఆ మిగిలిన సగమే బాధ. మిగిలింది ఎడమ పక్క. ఆ గర్రు లోతుగా, ఉండి ఉండి వస్తోంది. బ్రేకు చెక్క మీది పట్టీ అరిగిపోతే చప్పుడు ఒకే తీరుగా వస్తుంది. పట్టీయే చెక్క నుంచి ఊడివస్తుంటే ఇలా ఉండి ఉండి వస్తుంది. తుప్పు లోపలికి దూరి పట్టీని పైకి లేపుతుందన్నమాట. ఒకరోజు మొత్తం ఊడుతుంది, ఆ రోజు బ్రేకు ఉండదు. శనివారం తీరిగ్గా విప్పి చూద్దామనుకున్నాడు.

ఆ శనివారమే అక్క వస్తోంది.

ఇక్కడ అక్క అంటే ఏమిటో తెలియకపోతే సతేకి బతుకే తెలియదు. ఆకోసిత అతనికన్నా ఏడేళ్ళు పెద్దది. ఆమెకి పద్నాలుగేళ్ళు రాగానే ఏడేళ్ళ సతేకిని మగపిల్లల గుడిసెలోకి పంపేశారు. ఆనాటి నుంచి అక్కా తమ్ముడూ ఒక కప్పు కింద పడుకోలేదు. ఆమె గదిలో అడుగు పెట్టలేదు, ఆమె ఎదుట గట్టిగా నవ్వలేదు, ఆమె మాట కాదనలేదు. ఆడపడుచుది ఎప్పుడూ పైచెయ్యే. తమ్ముడి పెళ్ళిలో పెద్దపీట ఆమెదే, అతని పిల్లలకి పేర్లు పెట్టిందీ ఆమే. ఆమె కొడుకైతే మేనమామ ఇంట్లో ఏం కనబడితే అది అడక్కుండా తీసుకోవచ్చు. ఆ హక్కునే ఫహు అంటారు. ఇవ్వనన్న మేనమామ మనుషుల్లో లెక్క కాదు.

దీన్ని బరువనుకుంటే పొరపాటు. సతేకికి అక్కంటే ప్రాణం. ఎనిమిది నెలలకోసారి రాజధాని నుంచి ఆమె వస్తే ఇంటికి వెల్ల వేయించి, కొత్త చాపలు పరిపించి, తను మాత్రం షెడ్డులో పడుకునేవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం ఎడమ చక్రం విప్పాడు. డ్రమ్ము రానంది. లోపలి అంచున తుప్పు గట్టుకట్టి, బ్రేకు చెక్కలు ఆ గట్టుకి చిక్కుకున్నాయి. వెనక కంతలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు పెట్టి చెక్కల్ని దగ్గరికి లాగే పళ్ళచక్రం తిప్పబోతే అది కదల్లేదు. నూనె పోశాడు, చుట్టూ సుత్తితో కొట్టాడు, పళ్ళు కొరికాడు. ఇంకో గంట దొరికితే వచ్చేదే.

కొండ కింద చర్చివాళ్ళ బస్సు మలుపు తిరిగిన చప్పుడు అతని చెవికే ముందు పడింది. అందులో అక్క ఉంది.

అప్పుడు సతేకి చేసిన పని మా దీవుల్లో మగవాడు తప్ప ఎవరూ చెయ్యరు. డ్రమ్ము రాలేదు, జబ్బు తేలలేదు, పైగా మర్నాడు ఆదివారం. ఆదివారం పని చెయ్యడం ఇక్కడ నేరం, పానా ముట్టుకుంటే పోలీసుల దాకా పోతుంది వ్యవహారం. అయినా అక్క వచ్చేసరికి వాకిట్లో బండి జాకీ మీద కుంటుతూ నిలబడి ఉండకూడదు, తమ్ముడి ఇంట విరిగిన వస్తువు ఆమె కంట పడకూడదు. గబగబా చక్రం ఎక్కించి, నాలుగు నట్లూ బిగించి, జాకీ దాచేసి, చేతులు కడుక్కుని షెడ్డు వెనక్కి తప్పుకున్నాడు. సోమవారం మళ్ళీ విప్పుకోవచ్చు కదా అనుకున్నాడు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ అతని చోట మా నాన్నున్నా, మా అన్నలున్నా అదే చేసేవాళ్ళని కూడా నాకు తెలుసు.

ఆదివారం తెల్లవారింది. ఇంటి వెనక గోతిలో రాళ్ళు ఎర్రగా కాలుతున్నాయి. సతేకి చామాకుల్లో కొబ్బరిపాలూ మాంసమూ పొట్లాలు కట్టి వాటి మీద పేర్చుతున్నాడు. తడికెకి అవతల ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. రేవు పక్క చర్చిలో ఇవాళ పెద్ద కానుకల రోజు. ఆకోసిత తన చర్చి ఆడవాళ్ళు ఆరుగురితో కలిసి ఇక్కణ్ణించే వెళుతుంది. వ్యాను తాళం మేకుకి లేదని లావినియా అప్పుడే గమనించింది. ఆకోసిత కొడుకు ఫోలౌ దాన్ని వేలికి వేసుకుని తిప్పుతున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, రాజధానిలో బడిపిల్లల బస్సు నడుపుతాడు.

సతేకి పెళ్ళాన్ని సైగ చేసి పిలిచాడు. "బండి వద్దని చెప్పు. బ్రేకులు సరిగా లేవు."

"నేనా చెప్పేది?"

"మరి నేను చెప్పగలనా?"

లావినియా నిట్టూర్చి వెళ్ళింది. తడికె ఇవతల సతేకి చెవి ఒగ్గాడు.

"వదినా, బండికి ఒంట్లో బాగోలేదంటున్నారు మీ తమ్ముడు. పక్కింటి పౌలాసి ట్రక్కు పెద్దది, అందులోనైతే అందరూ హాయిగా..."

"ఒంట్లో బాగోలేనిది బండికా, మీ ఆయనకా?"

"బండికే వదినా."

"నిన్న సాయంత్రం నాలుగు చక్రాల మీదా నిక్షేపంలా నిలబడుందిగా. నా కళ్ళు ఇంకా పోలేదు లావినియా." తర్వాత ఆకోసిత గొంతు తగ్గింది. "తమ్ముడింటికొచ్చి పక్కింటివాడి ట్రక్కు దిగాలా నేను? చర్చి ముందర, అందరూ చూస్తుండగా? సతేకి నాకు బండి ఇవ్వలేదని నా నోటితో నేనే చాటింపు వేసుకోవాలా? వాడికి కష్టంగా ఉంటే చెప్పు. నేను నడిచి పోతాను."

ఆమె గొంతు వణికింది. కోపమైతే సతేకి తట్టుకునేవాడు, ఆ వణుకు తట్టుకోలేకపోయాడు. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది అతని పని. లావినియా తిరిగొచ్చి కళ్ళతోనే ఏం చెయ్యమంటావని అడిగింది.

"తీసుకెళ్ళమను. ఏమీ లేదను. కాస్త చప్పుడొస్తుందంతే అను."

అంతటితో ఊరుకోలేదు పాపం. అందరూ ముస్తాబుల్లో ఉండగా బండి వెనక్కి వెళ్ళి ఎడమ చక్రం దగ్గర గొంతుక్కూచున్నాడు. గాలి తీసేస్తే సరి, ఎవరి తప్పూ ఉండదు, దేవుడు కూడా దీన్ని పని కింద జమకట్టడు. మూత తిప్పాడు. వేలుగోరు ఆనించబోతుండగా గుమ్మంలోకి ఆకోసిత వచ్చి నిలబడింది. చర్చికి వెళ్ళేటప్పుడు మర్యాదకి అందరూ కట్టుకునే సన్నచాప, పాతది, నడుముకి చుట్టుకుని, తలలో నూనె మెరుస్తూ, చేతిలో బైబిలుతో. తమ్ముణ్ణి చూసి చిన్నగా నవ్వింది. బండి తుడుస్తున్నాడనుకుంది కాబోలు. అతను మూత బిగించేసి, తల వంచుకుని పక్కకి తప్పుకున్నాడు.

ఫోలౌ వచ్చి మామయ్య చొక్కా కాలరు పట్టుకుని చూశాడు.

"మామయ్యా, ఇది ఎప్పుడు కొన్నావు? నాకు చెప్పనే లేదు."

"పోయిన నెల."

"బాగుంది. సాయంత్రం ఇస్తావులే. ఇవాళ్టికి వాడుకో."

ఇంకో రోజైతే సతేకి తల వంచుకుని నవ్వేవాడు. ఇప్పుడు మేనల్లుడి ముంజేయి పట్టుకున్నాడు. ఆకోసిత అయిదడుగుల దూరంలో ఉంది, ప్రతి మాటా వినబడుతుంది.

"ఫోలౌ, మొదటి గేరులో దిగు. కొండంతా మొదటి గేరులోనే."

"నేను రోజూ నలభై మంది పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాను మామయ్యా. నాకు డ్రైవింగు నేర్పుతావా?"

"నేర్పడం కాదురా. నా మాట విను. మెల్లగా పో."

"ఎందుకు? ముసలమ్మలు కదులుతారనా?"

ఎందుకో చెప్పడానికి సతేకి నోరు తెరిచాడు. అక్క ఇటే చూస్తోంది. "బుట్టల్లో పెట్టినవి ఒలికిపోతాయి" అన్నాడు.

ఏడుగురు ఆడవాళ్ళూ, బుట్టలూ, చాపలూ ఎక్కి బండి కుంగింది. అక్కతో కలిసి ఒక బండిలో కూర్చోవడం మర్యాద కాదు కాబట్టి సతేకీ లావినియా వెనకాల నడిచారు. బండి మలుపు దాటి కనుమరుగైంది. చప్పుడు మాత్రం చెట్ల మీదుగా వస్తూనే ఉంది.

"ఎందుకలా ఆగిపోతావు? ప్రార్థనకి ఆలస్యమైపోతోంది."

"వినబడుతోందా?"

"ఏమిటి?"

"ఆ గరగర."

"వినబడక? ఊరంతా వినబడుతోంది. నలుగురిలో సిగ్గుపోతోంది."

"ఉండనీ. అది ఉన్నంతసేపూ భయం లేదు. పట్టీ ఇంకా అతుక్కునే ఉందన్నమాట."

పది అడుగులు వేశారు. ఇద్దరి చెవులూ కొండ కిందే ఉన్నాయి. గరగర ఒక్కసారిగా ఆగిపోయింది.

"హమ్మయ్య, ఆగింది" అంది లావినియా.

తిరిగి చూస్తే పక్కన మొగుడు లేడు. నడుముకి చుట్టిన చాపని రెండు చేతులా ఎత్తి పట్టుకుని కొండ దిగి పరిగెత్తుతున్నాడు. యాభై నాలుగేళ్ళవాడు ఆదివారం రోడ్డు మీద అలా పరిగెత్తడం ఎవరూ చూసి ఎరగరు. ఇంకో మలుపు తిరగకముందే కింద నుంచి రాయికి రేకు కొట్టుకున్న చప్పుడు వచ్చింది. ఆ వెంటనే ఆడవాళ్ళ కేకలు.

బండి శ్మశానం గోడకి గుద్దుకుని ఆగింది. గోడే లేకపోతే రేవులోకే. మిగతావాళ్ళు గీసుకుపోయి బయటపడ్డారు. గోడ వైపు కూర్చున్న ఆకోసితకి తొడ ఎముక విరిగింది. నలుగురూ కలిసి ఆమెని చాప మీదకి దించుతుంటే సతేకి చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. అక్క కాలు తమ్ముడు ముట్టుకోకూడదు. ఒట్టి చేతులతో పక్కన నిలబడ్డాడు. ఆమె పళ్ళ బిగువున మూలుగుతుంటే అతను చూస్తూ నిలబడ్డాడు.

సోమవారం పొద్దున పోలీసులు బండిని షెడ్డుకి తోయించారు. సతేకి ఎడమ చక్రం విప్పి డ్రమ్ము మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. శనివారం అంత ఏడిపించిన డ్రమ్ము తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. లోపల పట్టీ రెండు ముక్కలై అడుగున పడి ఉంది. పట్టీ లేని చెక్క ఎక్కడిదాకానో తోసుకుపోయింది. దాన్ని నెట్టే పిస్టను బయటికొచ్చేసి బ్రేకు నూనె మొత్తం కారిపోయింది. అంటే పెడలు నేలదాకా దిగిపోయి ఉంటుంది. ముందు చక్రాల బ్రేకులు అంత బరువుని ఆ దిగుడులో ఆపలేవు. ఫోలౌ ఎంత తొక్కినా ఒకటే.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ ముక్కల్ని గుడ్డలో కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాడు. ఇవి పోలీసులకి ఇచ్చి, తప్పు తనదని చెప్పాలనుకున్నాడు. ఎదురుగా వచ్చిన లావినియా గుడ్డ విప్పి చూసి మళ్ళీ ముడి వేసింది.

"ఎవరికీ చూపించకు. మీ అక్క పోలీసులకి చెప్పేసింది."

"ఏమని?"

"ఫోలౌ వేగంగా తోలాడనీ, రోడ్డు చూడకుండా అమ్మాయిల్ని చూశాడనీ. బండి బంగారంలా ఉందని చెప్పింది. 'నా తమ్ముడు నాకు విరిగిన బండి ఇచ్చాడని ఈ దీవిలో ఒక్క నోరు అనకూడదు' అంది. ఆరుగురు ఆడవాళ్ళూ అదే చెప్పారు."

"అది అబద్ధం."

"అబద్ధమే. నిన్ను కాపాడుకుంటోంది ఆవిడ. ఇంకేం చేస్తావు?"

లావినియా వార్డులోకి వెళ్ళిపోయింది. బయట సిమెంటు అరుగు మీద ఫోలౌ కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద కుట్లు. లైసెన్సు పోలీసుల దగ్గరుంది. బడివాళ్ళు ఇక రావద్దని ఫోనులోనే చెప్పేశారట. అమ్మాయిల వంక చూస్తూ తల్లి కాలు విరగ్గొట్టిన కొడుకుగా ఊరు అప్పుడే అతనికి పేరు పెట్టేసింది. మామయ్య పక్కన కూర్చున్నా తల ఎత్తలేదు.

"మామయ్యా, నేను బ్రేకు తొక్కాను. మొదటి గేరులోనే ఉన్నాను, నువ్వు చెప్పినట్టే. తొక్కితే కాలు కిందకి పోయింది. ఎంత తొక్కినా పోయింది. ఎవరూ నమ్మటం లేదు. అమ్మ కూడా నమ్మటం లేదు." అతను కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వైనా నమ్ముతావా?"

"నమ్మడమేమిట్రా, నాకు తెలుసు. శనివారం నుంచీ తెలుసు."

ఫోలౌ అరుగు మీంచి లేచాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే రా. లోపలికొచ్చి అమ్మతో చెప్పు."

అక్క పడుకున్న గదిలోకి తమ్ముడు వెళ్ళడని ఫోలౌకీ తెలుసు. తెలిసే అడిగాడు. సతేకి లేచాడు. గుడ్డమూట పట్టుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగిపోయాడు. లోపల మంచాన్ని చూడకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అక్కతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

"అక్కా. బ్రేకులు పోయాయి. నాకు ముందే తెలుసు. ఫోలౌ తప్పు లేదు. నేను చెప్పలేకపోయాను. తప్పంతా నాదే."

లోపల చూడ్డానికొచ్చిన ఆడవాళ్ళ మాటలు టక్కున ఆగిపోయాయి. ఎవరిదో విసనకర్ర కూడా ఆగింది. ఆకోసిత గొంతు వినబడింది, నీరసంగా, ఎప్పటిలాగే మర్యాదగా.

"లావినియా, బయట ఎవరో పనివాళ్ళు గొడవ చేస్తున్నారు. పాపం, ఇది ఆసుపత్రని తెలియదు కాబోలు. కాస్త తలుపు వెయ్యమ్మా."

లావినియా లేచి వచ్చింది. మొగుడి మొహంలోకి చూడకుండా, చప్పుడు కాకుండా తలుపు వేసింది. మామా అల్లుళ్ళిద్దరూ బయట నిలబడిపోయారు.